వంతెన దారి వద్దన్న గొంతు

పోయిన వారం మన జడ్జమ్మ నోట్లోంచి రెండే రెండు మాటలు జారి మైకులో పడ్డాయి. పడ్డవి పడ్డట్టు ఊరుకోలేదు. అద్దాల గదుల్లో కూర్చునే దుబాసీలు వాటిని గాల్లోనే పట్టుకుని మరో రెండు భాషల్లోకి తిప్పేశారు. రికార్డు రాసే అమ్మాయి వేళ్ళు టకటకా కొట్టేశాయి. ముద్దాయి తరపు వకీలు ఆ మాటల్ని కాగితం మీద రాసుకుని కింద ఒకటికి రెండు గీతలు గీశాడు. ఈయన కోర్టులో అడుగు పెట్టక ముందే ఈయన వాసన అడుగు పెడుతుంది కనుక అందరూ అత్తరు వకీలనే అంటారు.

సంగతి తెలియనివాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్దాం. అది అంతర్జాతీయ నేరాల కోర్టు. బెంచి మీద నడుమ పెద్దాయన, ఎడమన పెన్సిళ్ళాయన, కుడివైపు మన జడ్జమ్మ. ముద్దాయి ఒక సేనాని. ఒక లోయలో పదకొండు ఊళ్ళను జనంతో సహా తుడిచిపెట్టించాడని నేరం. మూడేళ్ళుగా విచారణ సాగుతోంది. ఆ కోర్టులో సాక్షుల పేర్లు బయటపెట్టరు, అంకెలతోనే పిలుస్తారు. ఆ ఉదయం వచ్చింది నలభై నాలుగో సాక్షి. ఒకప్పుడు ఆ లోయ దగ్గరి ఊళ్ళో టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఫోన్లు కలిపిన ఆవిడ. సేనాని ఎవరెవరితో మాట్లాడేవాడో చెప్పడానికి వచ్చింది.

"మీరు ఫోను ఎలా కలిపేవారో ఒకసారి అని చూపించండి," అన్నాడు ప్రాసిక్యూటరు. అరవై దాటిన ఆ మనిషి వీపు నిటారుగా పెట్టి, పాతికేళ్ళ పిల్ల గొంతుతో "లైన్లో ఉన్నారా అమ్మా, కలుపుతున్నాను," అంది.

జడ్జమ్మకు సాక్షి భాష వచ్చు. అందుకే దుబాసీ మాట వినే హెడ్‌ఫోను ఒక చెవికే తగిలించి, రెండో చెవిని సాక్షి అసలు గొంతుకు వదిలేస్తుంది. ఆ రెండో చెవిలో ఈ గొంతు పడగానే బుర్రను అడగకుండానే నోరు జవాబిచ్చేసింది. "ఉన్నానమ్మా. కలుపు."

పెద్దాయన ఒక్కసారి ఆమె వంక చూసి, భోజన విరామం అరగంట ముందే ఇచ్చేశాడు.

*

వరండా చివర కిటికీ దగ్గర నిలబడి జడ్జమ్మ ఇంటాయనకు ఫోను చేసింది. ఆయనది కళ్ళజోళ్ళ కొట్టు. రోజంతా జనం కళ్ళలోకి చూసి చూసి, ఎదుటి మనిషి గొంతు వింటేనే ముఖం ఎలా ఉందో చెప్పేసే స్థితికి వచ్చాడు.

"ఏంటి దొరసానీ, ఏడ్చావా, ఏడవబోతున్నావా?"

"ఏడో నంబరు దొరికింది," అంది ఆమె.

అవతల ఏదో చిన్న వస్తువు కింద పడి దొర్లిన చప్పుడు. "ఎక్కడ?"

"నా ఎదురుగా. సాక్షి కుర్చీలో."

ఏడో నంబరు అంటే ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట జడ్జమ్మ ఆ లోయ దగ్గరి ఊళ్ళోనే ఇరవై ఆరేళ్ళ కుర్ర మేజిస్ట్రేటు. ధాన్యం గోదాము మేడ మీద రెండు గదుల కోర్టు. వాన పడితే ఫైళ్ళ మీద గోనెసంచులు కప్పేవాళ్ళు. ఒక పొలం తగాదాలో ముసలివాణ్ణి కొట్టి చంపిన ముగ్గురు సిపాయిల మీద ఆమె వారెంటు రాసింది. సిపాయిల మీద వారెంటు రాసిన వాళ్ళు ఆ ఊళ్ళో అంతకు ముందెవరూ లేరు. మూడో రోజు సాయంత్రం నాలుగింటికి ఫోను మోగింది. ఎక్స్ఛేంజి నుంచి రోజూ వినే గొంతే. "లైన్లో ఉన్నారా అమ్మా? ఇవాళ వంతెన దారిన వెళ్ళకండి. ఎందుకని అడక్కండి. పెట్టేస్తున్నా."

ఆమె జీపు గోదాము దగ్గరే వదిలేసి, డ్రైవరుతో కలిసి తవుడు బస్తాల బండెక్కి మిల్లు దారిన ఇంటికి చేరింది. ఒంటి నిండా తవుడు. మర్నాడు తెలిసింది, అదే రంగు జీపులో వంతెన దాటిన పశువుల డాక్టరుగారి భుజంలో తుపాకి గుండు దిగిందని. డాక్టరు బతికాడు గాని, ఆ చెయ్యి మళ్ళీ భుజం పైకి లేవలేదు.

ఆ గొంతు ఎవరిదో ఆమె కనుక్కోలేకపోయింది. ఎక్స్ఛేంజిలో పిల్లలకు పేర్లుండేవి కావు, నంబర్లే. ఈ గొంతుది ఏడు. వారం తిరక్కుండా ఆమెను వేరే ఊరికి మార్చేశారు. తర్వాత సెలవు పెట్టి వెతకడానికి వెళితే ఎక్స్ఛేంజి గదిలో ఎవరో చెప్పుల కొట్టు పెట్టుకుని ఉన్నారు. ఉత్త చేతులతో ఎందుకని ఒక జత కొనుక్కుని వచ్చింది. అవి కరిచాయి.

"మన పెళ్ళికార్డు మీద ఏడో నంబరు గారికి అని రాసి పోస్టులో వేశావు, గుర్తుందా?" అన్నాడు ఇంటాయన. "నెల తర్వాత తిరిగొచ్చింది. అలాంటి మనిషి లేరు అని ముద్ర కొట్టి మరీ పంపారు."

"ఉంది చూడు. పొట్టిగా ఉంది. నేను పొడుగనుకున్నాను ఇన్నాళ్ళూ."

"వెళ్ళి కాళ్ళకు దండం పెట్టు."

"జడ్జిని. సాక్షితో పలకరింపు కూడా కుదరదు."

"మరి బెంచి మీంచే ఫోను ఎత్తి ఉంటావు కదా?"

"నీకెవరు చెప్పారు?"

"ఎవరో చెప్పాలా? ఏడో నంబరు గొంతు విని నువ్వు నోరు మూసుకుని ఉంటావా? ఇంట్లో నోరు జారితే నేనొక్కణ్ణే వింటా. నువ్వు జీతాలిచ్చి దుబాసీల్ని పెట్టుకుని మరీ జారావు."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతోపాటు కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. కొంగుతో కళ్ళు తుడుచుకుందామని చూస్తే పైన నల్లకోటు. కోటు చేత్తోనే తుడుచుకుంది.

*

జడ్జీల గదిలో పెద్దాయన టీ ముందు పెట్టుకుని తాగడం మరిచిపోయాడు. పెన్సిళ్ళాయన పెన్సిలు చెక్కుతున్నాడు. చిరాకు పుట్టిందంటే ఆయనకు ముందు పెన్సిలే కనబడుతుంది. ఆ మధ్యాహ్నం బల్ల మీద అప్పటికే నాలుగు పెన్సిళ్ళు సూదుల్లా ఉన్నాయి.

జడ్జమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది. గోదాము, వారెంటు, వంతెన, తవుడు, ఏదీ దాచలేదు.

పెన్సిళ్ళాయన సొరుగులోంచి ఒక పసుపు చీటీ తీసి ఆమె ముందుకు జరిపాడు. ఆ కోర్టులో అదొక పద్ధతి. రోజూ సాయంత్రం రికార్డు చిత్తుప్రతి జడ్జీల దగ్గరికి వస్తుంది. దగ్గులూ, తుమ్ములూ, అనుకోకుండా దొర్లిన మాటలూ తీసేయాలంటే పసుపు చీటీ రాసి ఇద్దరు జడ్జీలు పొడి సంతకాలు పెడితే చాలు.

"జడ్జి గొంతు సవరించుకున్నారు అని రాయండి మేడమ్," అన్నాడు. "నేను సంతకం పెడతాను. మొన్న నేను తుమ్మితే దుబాసీ రెండు సెకన్లు ఆలోచనలో పడ్డాడు. అది తీసేయించలేదా? ఇదీ అంతే."

"తుమ్ము కాదు సార్. జవాబు."

"ఏదైతేనేం. నియమం ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. సాక్షితో బంధం ఉందని పైకి చెబితే, ఒక పక్కవాళ్ళు అభ్యంతరం అన్నారంటే, మీరు లేవాలి. మీరు లేస్తే కొత్త జడ్జి. కొత్త జడ్జి అంటే మొదటి నుంచి. నలభై ముగ్గురు మళ్ళీ వచ్చి కూర్చోవాలి. అందులో ఇద్దరు పోయారు."

"పందొమ్మిదో సాక్షి ఉన్నాడు," అన్నాడు పెద్దాయన మెల్లగా.

పందొమ్మిదో సాక్షి ఒక వడ్రంగి. తన ఊరివాళ్ళందరికీ తానే శవపేటికలు చేశాడు, తన ఇంటివాళ్ళవి ఆఖర్న. చెప్పడం మొదలుపెట్టే ముందు బెంచి వైపు చూసి ఒక మాటన్నాడు. "ఇది నేను ఒక్కసారే చెప్పగలను తల్లీ. బాగా వినండి." జడ్జమ్మ వినింది. ఆ రోజు రెండు చెవులతోనూ వినింది.

పసుపు చీటీ ఆమె చేతిలో ఉంది. రెండు పొడి అక్షరాలు. వడ్రంగి మళ్ళీ రానక్కర్లేదు.

"ఏమ్మా, ఏం చేద్దాం?" అన్నాడు పెద్దాయన. ఆయనకు కుడిచెవి సరిగా వినబడదు. ముఖ్యమైన మాటలు వచ్చేటప్పుడు ఎడమచెవి ఇటు తిప్పుతాడు. ఇప్పుడు తిప్పాడు.

"మేజిస్ట్రేటుగా, తర్వాత జిల్లాలో, తర్వాత హైకోర్టులో, ఆఖరికి ఇక్కడ, నాలుగుసార్లు ప్రమాణం చేశాను సార్," అంది జడ్జమ్మ. "మొదటిసారి భయంతో చేశాను. తర్వాత మూడుసార్లూ ఆ అమ్మాయిని తలుచుకుని చేశాను. ఆవిడ ఆ పూట నోరు మూసుకుని తన పని తాను చూసుకుని ఉంటే నాకు ఇరవై ఏడో ఏడు వచ్చేది కాదు. పెళ్ళి లేదు, పిల్ల లేదు, మీ పక్కన ఈ కుర్చీ లేదు. ఆవిడ చెప్పకూడని చోట నిజం చెప్పింది. నేను చెప్పాల్సిన చోట చీటీ రాయమంటారా?"

"రాయకపోతే ఆ వడ్రంగికి ఏం చెబుతారు?" అన్నాడు పెన్సిళ్ళాయన. గొంతులో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు.

"తెలీదు సార్. కానీ ఈ చీటీ ఎప్పటికో బయటపడితే, అప్పుడు తీర్పే ఎగిరిపోతుంది. అప్పుడు ఏం చెప్పాలో అసలే తెలీదు."

పెన్సిళ్ళాయన చెక్కుతున్న పెన్సిలు ముల్లు పుటుక్కున విరిగింది. చీటీ వెనక్కి లాక్కుని, మడిచి, విరిగిన ముల్లు అందులో పొట్లం కట్టి చెత్తబుట్టలో వేశాడు. "అత్తరు వకీలు మిమ్మల్ని ఇవాళ ఉప్పూ కారం లేకుండా నమిలేస్తాడు," అన్నాడు. "మేడమ్, మీరు టీ అయినా తాగి రండి."

పెద్దాయన తన కప్పే ఆమె వైపు జరిపాడు. "చల్లారిపోయింది. అయినా తాగమ్మా. నేను ముట్టుకోలేదు." ముప్పై ఏళ్ళ సర్వీసులో ఎవరికీ తన కప్పు ఇచ్చిన మనిషి కాదు. జడ్జమ్మ చల్లటి టీ మొత్తం తాగేసి, "బాగుంది సార్," అంది. అబద్ధం అని ముగ్గురికీ తెలుసు. ఆ పూట ఆమె ఆడిన అబద్ధం అదొక్కటే.

*

రెండున్నరకు కోర్టు మళ్ళీ కూర్చుంది. సేనాని ఎప్పటిలాగే చేతులు ఒళ్ళో పెట్టుకుని బల్ల వంక చూస్తున్నాడు. మూడేళ్ళలో ఆయన నోట ఒక్క మాట రాలేదు. నేరం ఒప్పుకుంటావా అని అడిగిన రోజు కూడా వకీలే చెప్పాడు.

జడ్జమ్మ కాగితం చూడకుండా మాట్లాడింది.

"పొద్దున నా నోటి నుంచి రెండు మాటలు వచ్చాయి. అవి రికార్డులో ఉన్నాయి, ఉంటాయి. ఈ సాక్షి పేరు నాకు నిన్నటిదాకా తెలీదు, ముఖం చూడలేదు. ఇవాళ గొంతు గుర్తుపట్టాను. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట, నేను మేజిస్ట్రేటుగా ఉన్నప్పుడు, ఒక సాయంత్రం వంతెన దారిన వెళ్ళొద్దని ఈవిడ నాకు ఫోనులో చెప్పారు. అందువల్ల నేను బతికాను. ఆ కృతజ్ఞత నాకుంది, పోదు. అది నా తీర్పుకు అడ్డం వస్తుందని ఎవరైనా అనుకుంటే ఇప్పుడే చెప్పండి. నేను లేస్తాను."

దుబాసీలు ఆ మాటల్ని పూర్తి చేయడానికి ఎప్పటికన్నా ఎక్కువసేపు తీసుకున్నారు. ఒక దుబాసీ గొంతు నడుమలో కాస్త గరగరలాడింది. అది రికార్డులోకి ఎక్కదు కాబట్టి ఇక్కడ రాయాల్సి వచ్చింది.

నలభై నాలుగో సాక్షి కుర్చీలో ముందుకు వంగింది. కళ్ళు చికిలించి బెంచి వైపు చూసింది.

"గోదాము మేడ మీద అమ్మగారా?"

పెద్దాయన వారించాలి. చెవి సరిగా వినబడనట్టు ఊరుకున్నాడు.

"అవును," అంది జడ్జమ్మ.

"మీరు బతికున్నారని నాకు తెలీదమ్మా. ఆ మర్నాడు వంతెన మీద జీపును కాల్చారన్నారు. నా డ్యూటీ అప్పుడే మార్చేశారు. ఎవర్నడిగినా చెప్పలేదు." సాక్షి చేతులు బల్ల అంచును పట్టుకున్నాయి. "నా మాట మీకు అందలేదనుకున్నా. ఇన్నేళ్ళూ అదే అనుకున్నా. ఇంకోసారి గట్టిగా చెప్పాల్సింది, లైను బాలేదేమో అని."

"లైను బాగానే ఉందమ్మా. అందింది."

"మరి మీరు ఒక్క మాటా అనలేదు, సరే అని కూడా."

"మీరు పెట్టేశారు."

"పెట్టేశానా?" సాక్షి ఆలోచించింది. "అవును, పెట్టేశాను. భయమేసింది."

కోర్టులో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. "అయితే ఇప్పుడు చెబుతున్నాను," అంది జడ్జమ్మ. "మీ వల్ల ఇరవై ఎనిమిదేళ్ళు బతికాను. బాగా బతికాను." ఇంకా ఏదో అనబోయింది గాని పెద్దాయన దగ్గాడు. వినబడని చెవి ఉన్న మనిషి కూడా ఎంతకని వినబడనట్టు ఉంటాడు.

ప్రాసిక్యూటరు లేచి తమకు అభ్యంతరం లేదని చెప్పి కూర్చున్నాడు. ఇక అందరి చూపూ అత్తరు వకీలు మీద. ఈయన మూడేళ్ళలో సాక్షుల మీద, కాగితాల మీద, ఒకసారి గోడ గడియారం మీద కూడా అభ్యంతరం చెప్పిన మనిషి.

"మాకూ అభ్యంతరం లేదు," అన్నాడు.

పెన్సిళ్ళాయన చేతిలో పెన్సిలు ఆగిపోయింది.

"జడ్జిగారి నిజాయితీని మేం ఎప్పుడూ శంకించలేదు. ఇవాళ ఆ నమ్మకం ఇంకా పెరిగింది. మనవి చేసుకునే ముందు సాక్షిని ఒకే ఒక్క ప్రశ్న అడగనివ్వండి." ఆయన సాక్షి వైపు తిరిగాడు. "అమ్మా, వంతెన దారిన వెళ్ళొద్దన్న మాట మీరు ఎవరో మాట్లాడుకుంటుంటే విని చెప్పారా?"

సాక్షి బల్ల అంచును వదిలి చేతులు ఒళ్ళోకి తీసుకుంది. జడ్జమ్మ వైపు చూసింది. ఆ చూపులో క్షమాపణ లాంటిది ఉంది.

"లేదండీ. వినలేదు. నాకు చెప్పారు. అమ్మగారికి కబురు అందించమన్నారు. ఆ మాట నాది కాదమ్మా, నేను మోసుకొచ్చింది అంతే. పొద్దున్నుంచి మీరు నాకు దండం పెట్టేట్టు చూస్తున్నారు, నాకు సిగ్గుగా ఉంది."

"చెప్పమన్నది ఎవరు?"

సాక్షి చెయ్యెత్తి చూపించలేదు. తల మాత్రం ముద్దాయి బల్ల వైపు తిప్పింది. "ఆయనే. సేనానిగారే. మీరు వారెంటు రాసిన ఆ ముగ్గురు సిపాయిలూ ఆయన మనుషులే."

దుబాసీల మాట పూర్తయింది. ఒకటో భాషలో, రెండో భాషలో. సేనాని మూడేళ్ళలో మొదటిసారి బల్ల మీంచి కళ్ళెత్తాడు. జడ్జమ్మను చూశాడు. ఆమె చూపు తప్పించలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు ఇంటి మనిషిలా దాచుకున్న కృతజ్ఞత ఆ క్షణంలో కాళ్ళు వచ్చి నడుచుకుంటూ వెళ్ళి పదకొండు ఊళ్ళను తుడిచిపెట్టాడంటున్న మనిషి పక్కన నిలబడింది. రా అని పిలిచినా వెనక్కి రావడం లేదు.

"మా మనవి ఇది," అన్నాడు అత్తరు వకీలు, చాలా మర్యాదగా. "మా కక్షిదారు ఒక మేజిస్ట్రేటు ప్రాణం కాపాడటానికి సొంత మనుషులకు అడ్డుపడ్డారు. ఆ సాయంత్రం ఏం జరిగిందో తెలిసినవాళ్ళు మా కక్షిదారు కాక లోకంలో ఇద్దరే మిగిలారు. ఒకరు ఈ సాక్షి. జడ్జిగారు విచారణలో ఉండాలనే మేమూ కోరుతున్నాం. కాకపోతే బెంచి మీద కాదు. ముద్దాయి తరపు మొదటి సాక్షిగా, జడ్జిగారినే పిలవడానికి అనుమతి ఇప్పించండి."

పెద్దాయన ఎడమచెవి అటు తిప్పాడు. దుబాసీ అద్దాల వెనక అంటూనే ఉన్నాడు. నలభై నాలుగో సాక్షికి మాత్రం ఒకటి అర్థమైంది, ఆ కుర్చీ ఇప్పుడు ఇంకొకరికి కావాలని. పైట సర్దుకుని లేచింది. తను కూర్చున్న చోటును అరచేత్తో ఒకసారి తుడిచి, పక్కకు జరిగి నిలబడింది.

"రండమ్మా," అంది. "కూర్చోండి."